ఎనభై విమానాల కోసం ఎదురుచూపు

ఎయిరిండియా దగ్గర ఒకప్పుడు ‘ఆంధ్రప్రదేశ్’ అనే విమానం ఉండేది. 2007లో రావడం మొదలైన బోయింగ్ 777-200ఎల్‌ఆర్‌లకు సంస్థ రాష్ట్రాల పేర్లు పెట్టింది. వీటీ-ఏఎల్‌ఏ అనే రిజిస్ట్రేషన్‌తో వచ్చినదానికి మన పేరు దక్కింది. ఎక్కడా ఆగకుండా 17 వేల కిలోమీటర్ల దాకా వెళ్లగల రకం అది. హైదరాబాద్ నుంచి బయల్దేరితే అమెరికా పడమటి తీరం వరకూ ఇంధనానికి ఢోకా ఉండదు. అయినా ఎన్నో ఏళ్లు నిలవలేదు. బరువు ఎక్కువ, ఇంధనం ఎక్కువ, సీట్లు చూస్తే 238 మాత్రమే అని లెక్కలు వేసిన సంస్థ, ఉన్న ఎనిమిదింటిలో ఐదింటిని 2013 చివర్లో అబుదాబికి చెందిన ఎతిహాద్‌కు అమ్మేసింది. ‘ఆంధ్రప్రదేశ్’ కూడా ఆ ఐదింటిలోనే వెళ్లిపోయింది. అమ్మిన ధర మీద కాగ్ తరవాత అభ్యంతరం తెలిపింది. ఎతిహాద్ మాత్రం ఆలస్యం చేయకుండా వాటిని అబుదాబి–లాస్ ఏంజెలెస్ దారిలో తిప్పింది.

ఎనిమిదేళ్లు గడిచాయి. 2022 జనవరి 27న ఎయిరిండియా మళ్లీ టాటాల చేతికి వచ్చింది. అమెరికాకు కొత్త సర్వీసులు మొదలుపెడదామంటే విమానాల్లేవు. దాంతో డెల్టా సంస్థ 2020లో పక్కన పెట్టేసిన 777-200ఎల్‌ఆర్‌లను ఐదింటిని లీజుకు తెచ్చుకోవాల్సి వచ్చింది. అమ్మినవి ఐదు, అద్దెకు తెచ్చుకున్నవీ ఐదే. రకం కూడా అదే.

సుదూర ప్రయాణాల కోసం ఎయిరిండియా ముందుముందు ఏం కొంటుంది, దేన్ని వదులుకుంటుంది అని ఇప్పుడు జోరుగా ఊహాగానాలు సాగుతున్నాయి. 2013 నాటి ఆ అమ్మకం సంగతి గుర్తుపెట్టుకుని వాటిని వినడం మంచిది. పెద్ద విమానం విషయంలో ఇవాళ తీసుకున్న నిర్ణయం పదేళ్ల తరవాత కూడా వెంటాడుతుంది.

2023 ఫిబ్రవరి 14న ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డరు ప్రకటించినప్పుడు దేశమంతా మార్మోగింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్ వీడియోలో ప్రధాని మోదీతో కలిసి పాల్గొన్నారు, అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ ఫోన్‌లో మాట్లాడారు. 2024 డిసెంబరులో ఇంకో వంద ఎయిర్‌బస్‌లు చేరి మొత్తం 570 అయింది. అంత పెద్ద అంకె చూడగానే మన ఊరి నుంచి అమెరికాకు నేరుగా విమానం వచ్చేసినట్టే అనిపించడం సహజం. కానీ ఆ జాబితాను విడదీసి చూస్తే సంగతి వేరు. ఎయిర్‌బస్ ఏ350లు మొదట 40, తరవాత 10. బోయింగ్ 787-9లు 20. 777ఎక్స్‌లు 10. అన్నీ కలిపితే ఎనభై. మిగతా 490 హైదరాబాద్–దిల్లీ, విశాఖ–ముంబయి లాంటి దారుల్లోనూ, మహా అయితే గల్ఫ్‌కో సింగపూర్‌కో వెళ్లే దూరాల్లోనూ తిరిగే ఒకే నడవ విమానాలు. ఖండాలు దాటే ప్రయాణికుడికి పనికొచ్చేవి ఆ ఎనభైయే.

ఆ ఎనభైలో 2025 ముగిసేసరికి చేతికి అందినవి ఆరు.

ఆ ఆరు ఏ350-900లు కూడా నిజానికి ఎయిరిండియా కోసం తయారైనవి కావు. రష్యా విమాన సంస్థ ఏరోఫ్లోట్ కోసం ఎయిర్‌బస్ కట్టిన విమానాలవి. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలై ఆంక్షలు రావడంతో వాటిని రష్యాకు అప్పగించే వీల్లేకపోయింది. ఎయిరిండియా వాటిని తీసుకుంది. మొదటిది 2023 డిసెంబరు 23న దిల్లీలో దిగింది. మరుసటి నెలలో బేగంపేటలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలో హైదరాబాదీలు దాన్ని దగ్గరగా చూశారు. బిజినెస్ క్లాసులో తలుపులున్న 28 గదులు, ప్రీమియం ఎకానమీలో 24 సీట్లు, ఎకానమీలో 264. 2024 సెప్టెంబరులో దిల్లీ–లండన్, నవంబరులో దిల్లీ–న్యూయార్క్ దారిలోకి వచ్చాయి. అనుకోకుండా దొరికిన ఈ ఆరే లేకపోతే, కొత్త విమానం ఎలా ఉంటుందో చూపించడానికి కూడా సంస్థ దగ్గర ఏమీ ఉండేది కాదు.

విమానాల ఆరా తీసేవాళ్లు ఎప్పుడూ కొన్ని గుర్తుల కోసం కాచుకుని ఉంటారు. ఎయిర్‌బస్ కర్మాగారం ఉన్న తులూజ్‌లో పరీక్షకు ఎగిరిన విమానం తోక మీద ఎవరి రంగులున్నాయి? ఏ విమానం లీజు గడువు ఎప్పుడు తీరుతుంది? వచ్చే సీజన్ టికెట్లలో సీట్ల పటం ఎందుకు మారింది? ఏ విమానం సర్వీసు నుంచి తప్పుకుని ఎడారి పార్కింగుకు చేరింది? వీటిని జోడించి వాళ్లు చెప్పేవి చాలాసార్లు అధికారిక ప్రకటనకంటే ముందే నిజమవుతాయి. 2025లో మరిన్ని పెద్ద విమానాల కోసం ఎయిర్‌బస్, బోయింగ్ రెండింటితోనూ ఎయిరిండియా చర్చలు జరుపుతోందని వార్తాసంస్థలు రాశాక ఈ ఊహలు ఇంకా ఊపందుకున్నాయి. ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: 777ఎక్స్ నిజంగా వస్తుందా, లేక ఆ స్థానాన్ని ఏ350-1000 ఆక్రమిస్తుందా?

777ఎక్స్ 2020 జనవరి 25న తొలిసారి ఎగిరింది. అసలు ఆ ఏడాదే ప్రయాణికుల సేవలోకి రావాల్సింది. పరీక్షల్లో చిక్కులు, నియంత్రణ సంస్థ కఠినమైన తనిఖీలు, 2024 ఆగస్టులో ఇంజిన్‌ను రెక్కకు పట్టి ఉంచే భాగంలో పగుళ్లు... ఇలా జరిగి జరిగి, మొదటి విమానం 2027లో ఇస్తామని బోయింగ్ 2025 అక్టోబరులో చెప్పింది. ముందు వరసలో లుఫ్తాన్సా ఉంది. 270 విమానాలకు ఆర్డరిచ్చిన ఎమిరేట్స్ ఉంది. పది విమానాలడిగిన ఎయిరిండియా వంతు ఎప్పుడు రావాలి? పదింటి కోసం విడిగా పైలట్లకు శిక్షణ, విడిగా విడిభాగాలు, విడిగా ఇంజినీర్లు పెట్టుకోవడం ఏ సంస్థకైనా భారమే. ఆ అంకె పెరగాలి, లేదంటే ఆ డబ్బు మరో రకం మీదికి మళ్లాలి. పది దగ్గరే నిలిచిపోతుందని నమ్మడం కష్టం.

అలాగని ఏ350-1000 దారి నల్లేరు మీద నడకేం కాదు. దాని ఇంజిన్ రోల్స్‌రాయిస్ ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ-97. 2023 ఆర్డరులో ఎయిరిండియా ఈ ఇంజిన్లు 68 అడిగింది, అంటే 34 విమానాలకు సరిపడా. అదే ఏడాది నవంబరులో దుబాయ్ విమాన ప్రదర్శనలో ఎమిరేట్స్ అధ్యక్షుడు టిమ్ క్లార్క్ ఈ ఇంజిన్ మన్నిక మీద బహిరంగంగా పెదవి విరిచారు. ఎండ, ఇసుక దుమ్ము ఉన్న చోట దీన్ని తరచూ విప్పి బాగుచేయాల్సి వస్తుందన్నది ఆయన వాదన. రోల్స్‌రాయిస్ ఒప్పుకోలేదు గానీ, తన ఇంజిన్ల మన్నిక పెంచడానికి వంద కోట్ల పౌండ్ల కార్యక్రమం చేపట్టింది. అటు 777ఎక్స్ కోసం జీఈ తయారుచేసిన జీఈ9ఎక్స్‌కు 3.4 మీటర్ల ఫ్యాన్ ఉంటుంది. దానిలోకి దుమ్ము పంపి మరీ పరీక్షించారు. మే నెల దిల్లీలో, హైదరాబాద్‌లో గాలి ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఈ పరీక్షల ప్రాధాన్యం వేరే చెప్పక్కర్లేదు. కేటలాగులో రాసిన ఇంధన పొదుపుకంటే, ఇక్కడి వేడికీ ధూళికీ ఇంజిన్ ఎన్నేళ్లు రెక్కకే అంటిపెట్టుకుని ఉంటుందన్నదే మన సంస్థలు మొదట అడగాల్సింది.

కొత్తవాటి సంగతి అలా ఉండగా, రోజూ వేలమంది కూర్చుంటున్నవి పాత విమానాలే. 2012 సెప్టెంబరులో మొదలై మొత్తం 27 బోయింగ్ 787-8 డ్రీమ్‌లైనర్లు వచ్చాయి. వాటిలో ఒకటి 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో టేకాఫ్ అయిన వెంటనే కూలిపోయింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. నేలమీద ఉన్న 19 మందితో కలిపి 260 మంది ప్రాణాలు పోయాయి. ఆ తరవాత కొన్ని వారాల పాటు పెద్ద విమానాలతో నడిచే అంతర్జాతీయ సర్వీసుల్లో 15 శాతం కోత పడింది. దర్యాప్తు పూర్తిగా తేలకముందే విమానం వయసు మీదో, రకం మీదో తప్పు మోపడం ఆ కుటుంబాలకు న్యాయం చేయడం కాదు. వాళ్లకు కావాల్సింది నిజం, అది దర్యాప్తే చెప్పాలి.

మిగిలిన 26 డ్రీమ్‌లైనర్లను లోపలంతా కొత్తగా మార్చే పని 2025 జులైలో మొదలైంది. మొదటి విమానం కాలిఫోర్నియాలోని విక్టర్‌విల్‌కు వెళ్లింది. 40 కోట్ల డాలర్ల కార్యక్రమం ఇది. 787-8లన్నీ 2027 మధ్యకు, 13 పాత 777లు 2028 చివరికి పూర్తిచేయాలన్నది సంస్థ పెట్టుకున్న గడువు. విరిగిన చేతిబల్లలతో, పనిచేయని తెరలతో పదహారు గంటలు గడిపిన ప్రయాణికులకు ఇది ఎంత కాలంగా రావాల్సిన మార్పో బాగా తెలుసు. ఎందుకింత ఆలస్యమైంది అంటే, సీట్లు దొరకలేదు. బయటివాళ్లకు నమ్మశక్యం కాదు గానీ నేడు విమాన ప్రపంచాన్ని కుంటుపరుస్తున్నవాటిలో సీటు ఒకటి. బిజినెస్ క్లాస్ సీటంటే మంచం, తలుపు, తెర, మోటార్లు, తీగలు అన్నీ ఇమిడిన యంత్రం. ప్రమాద సమయంలో తల ఎక్కడ తగులుతుంది, తలుపు ఇరుక్కుపోతే ఎలా బయటపడాలి అని ప్రతి నమూనాకూ పరీక్షలు పెట్టి అనుమతివ్వాలి. 2025లో లుఫ్తాన్సాకు చెందిన 787-9లు తయారై కూడా బిజినెస్ క్లాస్ సీట్లకు అనుమతి రాక అమెరికాలోనే ఆగిపోయాయి. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టింది.

విమానాలను మరమ్మతుకు పంపితే ఎగరడానికి విమానాలు తగ్గుతాయి. దీనికి తోడు 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసేసింది. దిల్లీ నుంచి అమెరికాకు వెళ్లే విమానాలు చుట్టు తిరిగి, కొన్ని వియన్నాలో ఇంధనం నింపుకుని సాగాల్సి వచ్చింది. మూసివేత ఏడాది పాటు ఉంటే 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని సంస్థ ప్రభుత్వానికి మొరపెట్టుకుంది. సెప్టెంబరు 1 నుంచి దిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఆపేసింది. ఆపడానికి చెప్పిన కారణాలు రెండు: మరమ్మతుల వల్ల విమానాల కొరత, మూసుకున్న ఆకాశం.

మరి హైదరాబాద్? 2021 జనవరిలో హైదరాబాద్–షికాగో నేరు సర్వీసు వారానికి ఒకటి చొప్పున మొదలైంది. దానికి వాడింది అమ్మగా మిగిలిన 777-200ఎల్‌ఆర్‌లనే. పదహారు గంటలకు పైగా ప్రయాణం. తెలుగువాళ్లకు అదొక పండగ. అది ఎంతోకాలం నిలవలేదు. ఆ తరవాత శంషాబాద్ నుంచి దూరదేశాలకు కొత్త దారులు వేసింది బయటి సంస్థలు. లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు, కేఎల్ఎం 2025 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌కు మొదలుపెట్టాయి. దోహా, దుబాయ్, అబుదాబి, లండన్ దారులు ముందునుంచీ ఉన్నవే. డాలస్‌లో కూతురి పురిటికి వెళ్లే తల్లి, న్యూజెర్సీలో చదువుకు వెళ్లే కుర్రాడు అర్ధరాత్రి మూడో దేశంలో విమానం మారక తప్పదు. భాష రాని పెద్దవాళ్లకు ఆ మారడం ఎంత భయమో ప్రతి ఇంట్లోనూ తెలుసు. వీల్‌చెయిర్ బుక్ చేసి పంపేది అందరూ నడవలేక కాదు, దారి తప్పిపోతారేమోనని.

ఈ ఇబ్బందికి ఒక ప్రభుత్వ విధానం కూడా తోడైంది. దుబాయ్‌కి రాకపోకలకు రెండు దేశాల మధ్య ఒప్పందం ప్రకారం ఒక్కో వైపు వారానికి సుమారు 66 వేల సీట్లు. ఎమిరేట్స్ ఎన్నేళ్లుగా అడుగుతున్నా భారత్ పెంచడం లేదు. మన సంస్థలు పెద్ద విమానాలు కొని నేరుగా నడపాలి, ప్రయాణికులు గల్ఫ్ గుండా జారిపోకూడదు అన్నది ఉద్దేశం. ఉద్దేశం సరైనదే. ఆ విమానాలు రాకముందే ప్రత్యామ్నాయాలను బిగిస్తే మాత్రం ఆ ఖర్చు టికెట్ ధర రూపంలో ప్రయాణికుడి నెత్తిన పడుతుంది. పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం వాసి. విదేశాల్లో పిల్లలున్న కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఎన్నో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

పోటీ కూడా ఖాళీగా లేదు. చాలాకాలం పెద్ద విమానం అంటే ఆమడ దూరం ఉన్న ఇండిగో 2024 ఏప్రిల్‌లో 30 ఏ350-900లు అడిగింది, 2025లో ఆ అంకెను 60 చేసింది. అవి 2027 నుంచి రావాలి. ఈలోగా నార్వే సంస్థ నార్స్ నుంచి 787-9లు అద్దెకు తెచ్చి 2025 జులైలో ముంబయి నుంచి ఆమ్‌స్టర్‌డామ్, మాంచెస్టర్‌లకు నడిపింది. 777ఎక్స్ తొలి డెలివరీ, ఎయిరిండియా డ్రీమ్‌లైనర్ల మరమ్మతు గడువు, ఇండిగో ఏ350ల రాక అన్నీ 2027 మీదే పడుతున్నాయి. వీటిలో ఏది జారినా మిగతావాటి లెక్క మారిపోతుంది.

ఊహాగానాల్లో హైదరాబాద్–అమెరికా దారి పేరు అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే ఉంది, ప్రయాణికులున్నారు. లేనిది దిల్లీ, ముంబయి అవసరాలు తీరాక మిగిలే విమానం. వారానికి నాలుగు రోజులు షికాగోకో డాలస్‌కో నడపాలన్నా, రానూ పోనూ ప్రయాణానికీ తనిఖీలకూ కలిపి కనీసం ఒక పెద్ద విమానాన్ని దాదాపు పూర్తిగా ఆ దారికే కేటాయించాలి. అత్యవసరానికి ఇంకొకటి అందుబాటులో ఉంచాలి. ఎనభైలో ఆ రెండూ ఏవో ఎయిరిండియా ఇంతవరకు చెప్పలేదు. తెలుగు రాష్ట్రాల ఎంపీలు, విమానాశ్రయ నిర్వాహకులు సంస్థను అడగాల్సింది కచ్చితంగా అదే: ఏ విమానం, ఏ నెల నుంచి, వారానికి ఎన్ని రోజులు.