బొర్రా గుహల్లో కన్నులేని ప్రాణి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి అరకు వెళ్లే కుటుంబాలు బొర్రా గుహల దగ్గర ఆగక మానవు. శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కినా, కొత్తవలస - కిరండూల్ రైలు ఎక్కినా అవి దారిలోనే ఉన్నాయి. సున్నపురాతిని నీరు తొలిచి చేసిన ఆ వింత రూపాలను చూసి మనమంతా ఆశ్చర్యపోతాము. కాని ఆ గుహల నీటిలో కాపురముండే ఒక చిన్న ప్రాణి మన కంటికి ఆనదు.

దాని పేరు హాబ్రోబాతినెల్లా బొర్రాయెన్సిస్. రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టము. పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కన్నులు లేవు, ఒంటికి రంగు లేదు. చీకటిలో వాటితో పనేమి? ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి గారి బృందం 2010 తరువాతి సంవత్సరాలలో దీనిని కొత్త జాతిగా గుర్తించి, బొర్రా పేరే పెట్టింది.

దీని దాయాదులు మడగాస్కర్ దీవిలో ఉన్నాయి. ఇవి సముద్రం దాటలేవు. మన దేశము, ఆ దీవి విడిపోయి 8 కోట్ల సంవత్సరాలు దాటింది. రెండు నేలలూ ఒక్కటిగా ఉన్ననాటి వంశమిది అనుకోవచ్చు.

ఇంతకాలం నిలిచిన జీవికి ఇప్పుడు భయమేమిటి? ఇది ఎగరలేదు, నేలమీద పాకలేదు. పుట్టిన నీటిలోనే బ్రతకాలి. ఆ నీరు పైనున్న కొండ నుండి ఊరి దిగుతుంది. కొండను తవ్వినా, మురుగు కలిసినా ఇది పోవడానికి వేరే చోటు లేదు.

కొండను తవ్వే ప్రమాదం నిజంగానే వచ్చింది. అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాలలో కాల్సైటు గనులకు గిరిజనేతరులకు లీజులిచ్చారు. గిరిజనుల పక్షాన సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి ఈ ప్రాణికి పేరైనా లేదు. తమ భూమి కోసం గిరిజనులు చేసిన పోరాటం, ఎవరూ ఎరుగని ఈ జీవి తలదాచుకునే కొండకు కూడా అండ అయింది.

ఇక మన వంతు ఏమిటి? గుహలో ప్లాస్టిక్ పారవేయకూడదు. నీటి మడుగులలో చేతులు, కాళ్లు కడగకూడదు. రాతిని గీకకూడదు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకువెళ్లాలి.

ఇంటి దగ్గరా పని ఉంది. ఈ తెగలో మొట్టమొదటి ప్రాణి ప్రేగ్ నగరంలోని ఒక నూతి నీటిలో దొరికింది; 1882లో దానిని వర్ణించారు. మన నూతుల అడుగున, గెడ్డల ఇసుకలో ఏయే జీవులున్నాయో ఎవరు వెదికారు? పురుగుమందు డబ్బాలు నూతి గట్టున కడగడం మానితే, వాటికీ మేలు, ఆ నీరు త్రాగే మన పిల్లలకూ మేలు.