మెడ అరుగుదల – మనసు క్రుంగుబాటు

మెడ పట్టుట ఎరుగని వారు లోకములో అరుదు. తలగడ సరిగా అమరక ఒక రాత్రి నిద్రించినను, అలవాటు లేని బరువు ఒక పూట మోసినను మెడ పట్టును. రెండు మూడు దినములలో దానంతట అదియే సర్దుకొనును. కాని కొందరిలో ఆ నొప్పి నెలల తరబడి నిలిచిపోవును. అట్టివారు వైద్యుని వద్దకు పోగా ఎక్స్-రే తీసి, “మెడ ఎముకలు అరిగినవి” అని చెప్పుదురు. ఆ మాట వినగానే రోగి మనసులో బండి ఇరుసు మెదలును. అరిగిన ఇరుసు మరల పెరగదు గదా! నాటి నుండి తల తిప్పుటకు భయము, పని చేయుటకు భయము; రాత్రి నిద్ర పట్టదు; నలుగురితో మాటలాడ బుద్ధి పుట్టదు. మెడ అరుగుదలయు, మనసు క్రుంగుబాటును ఒకే మనిషిలో కలిసి కనిపించుట వైద్యులకు క్రొత్త కాదు. వీనిలో ఏది కారణము, ఏది ఫలితము?

ముందు మెడ నిర్మాణమును చూడవలెను. మనిషి మెడలో ఏడు వెన్నుపూసలు కలవు. జిరాఫీ మెడలోను ఏడే. స్లాత్, మానటీ వంటి ఒకటి రెండు జాతులను మినహాయించినచో క్షీరదములన్నిటికిని ఇదే లెక్క. పై రెండు పూసల నడుమ తప్ప, తక్కిన ప్రతి రెండు పూసల నడుమను ‘డిస్కు’ అను మెత్తని బిళ్ళ ఒకటి ఉండును. దాని అంచు గట్టి నారల వలయము. నడుమ జిగురు వంటి గుజ్జు. చిన్నతనమున ఆ గుజ్జులో నూటికి 80 పాళ్ళకు పైగా నీరే. పెరిగిన మనిషిలో డిస్కు నడుమకు రక్తనాళములు పోవు. ప్రక్కనున్న ఎముకల నుండి మెల్లగా ఊరి వచ్చు పోషకములతోనే అది బ్రదుకవలెను. అందుచే ఒకసారి చెడిన డిస్కు బాగుపడుట కష్టము.

వయసు పెరిగిన కొలది ఈ గుజ్జులోని నీరు తగ్గి, డిస్కు పలుచబడును. పూసలు దగ్గరకు వచ్చును. వాని అంచులలో చిన్న ఎముక మొలకలు పుట్టును. ఐదవ, ఆరవ పూసల నడుమను, ఆరవ, ఏడవ పూసల నడుమను ఈ మార్పు హెచ్చుగా కనిపించును. దీనికి స్పాండిలోసిస్ అని పేరు. మనవారు వాడుకలో దీనిని స్పాండిలైటిస్ అందురు. అది సరియైన మాట కాదు. చివరనున్న ‘ఐటిస్’ తాపముతో కూడిన వాపును తెలుపును. ఇచ్చట ముఖ్యముగా జరుగునది వాపు కాదు, వయసుతో వచ్చు అరుగుదల.

అరుగుదల అంతయు నిరపాయకరమని చెప్పరాదు. మెడ నుండి ఇరువైపులకు ఎనిమిది జతల నాడులు వెలువడును. జారిన డిస్కు గాని, ఎముక మొలక గాని నాడిని నొక్కినచో భుజము నుండి వ్రేళ్ళ వరకు నొప్పి, తిమ్మిరి కలుగును. వెన్నుపామునే నొక్కినచో కాళ్ళు కూడ బలహీనపడును. ఇంగ్లండులో రస్సెల్ బ్రెయిన్ అను నాడీవైద్యుడు, ఆయన సహచరులు 1952లో ఈ లక్షణములను వివరముగా వర్ణించిరి.

మరి అరుగుదల ఉన్నవారందరికిని నొప్పి ఉండునా? ఉండదు. 1990లో అమెరికాలో బోడెన్, ఆయన సహచరులు మెడ జబ్బు లక్షణములు ఎవ్వియు లేని 63 మందికి ఎమ్.ఆర్.ఐ. పరీక్ష చేసిరి. నలుబది ఏండ్లు దాటిన వారిలో నూటికి దాదాపు 60 మంది మెడలో ఒక డిస్కు అయినను చెడి గాని, సన్నబడి గాని ఉండెను. 2015లో జపానులో 1211 మంది నొప్పి లేనివారి పరీక్షా ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి 87 మందికి పైగా డిస్కులు కొంత ఉబ్బియే ఉన్నవి. అనగా ఈ మార్పులు నెరసిన వెండ్రుకల వంటివి. ఫోటోలో అరుగుదల కనిపించినంత మాత్రమున నొప్పికి అదియే కారణమని తీర్మానింపరాదు. ఈ సంగతి రోగికి ఎవరును చెప్పకపోవుటయే విచారకరము.

నొప్పి అనునది గాయపు కొలత కాదు. రెండవ ప్రపంచ యుద్ధములో ఇటలీ రణరంగమున గాయపడిన సైనికులను హెన్రీ బీచర్ అను అమెరికను వైద్యుడు పరిశీలించెను. 1946లో ఆయన ప్రకటించిన దాని ప్రకారము, పెద్ద గాయములు తగిలిన వారిలో నాలుగింట మూడు వంతుల మంది నొప్పికి మందు కావలెనని కోరనే లేదు. బ్రతికి బయటపడితిమి, ఇక ఇంటికి పోవచ్చును అను ఊరట వారి బాధను తగ్గించెనని ఆయన ఊహ. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనువారు దీనికి శాస్త్రీయమైన రూపము నిచ్చిరి. నొప్పి వార్త వెన్నుపాములో ప్రవేశించుచోట ఒక ‘ద్వారము’ వంటి ఏర్పాటు కలదనియు, మెదడు నుండి దిగివచ్చు సంకేతములు దానిని తెరువనుగలవు, మూయనుగలవు అనియు వారి సిద్ధాంతము. దాని వివరములు తరువాత చాల మారినవి. కాని మెదడు నొప్పిని పైనుండి అదుపు చేయునను మూలభావము నిలిచినది.

దిగివచ్చు ఆ నాడీ మార్గములలో సెరటోనిన్, నార్అడ్రినలిన్ అను రసాయనములు పనిచేయును. మనసు స్థితిగతులతోను వీనికి సంబంధము కలదు. క్రుంగుబాటు అనగా సెరటోనిన్ కొరతయే అను పాత మాట నిలువలేదు. వ్యవహారము అంత సులువు కాదు. అయినను ఒక సాక్ష్యము గమనింపదగినది. డ్యులోక్సెటిన్ అను మందును అమెరికాలో 2004లో క్రుంగుబాటుకు అనుమతించిరి. 2010లో అదే మందును దీర్ఘకాలపు కండరముల, ఎముకల నొప్పికి అనుమతించిరి.

ఇక మొదటి ప్రశ్న. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రములో లిండా కారొల్, ఆమె సహచరులు మెడ, నడుము నొప్పి లేనివారిని, స్వల్పముగా ఉన్నవారిని ఎన్నుకొని ఒక సంవత్సరము గమనించిరి. 2004లో వెలువడిన ఫలితము ఇది: క్రుంగుబాటు లక్షణములు అందరికంటె హెచ్చుగా ఉన్న వర్గమునకు, అతి తక్కువగా ఉన్న వర్గముతో పోల్చగా, బాధించు మెడ లేక నడుము నొప్పి వచ్చు అవకాశము నాలుగు రెట్లు. క్రుంగుబాటు ఎముకను అరగదీయునని దీని అర్థము కాదు. నొప్పికి దారి తీయునని మాత్రమే. ఎదురు దారియు ఉన్నది. నొప్పి నిద్రను చెరచును. నిద్రలేమి మనసును క్రుంగదీయును. క్రుంగిన మనిషి కదలుట మానును. కదలని మెడ మరింత బిగుసుకొనును. ఈ గానుగలో మొదటి చుట్టు ఏదని వెదకుట కంటె, ఎచ్చట ఆపవచ్చునో చూచుటయే లాభకరము.

తగిన వ్యాయామము రెండు చోట్లను పనిచేయును. మెడ కండరములకు బలము నిచ్చును, క్రుంగుబాటును కొంత తగ్గించును. మెడపట్టీని నెలల తరబడి ధరించుట మంచిది కాదు, కండరములు బలహీనపడును. విద్యార్థులు సెల్‌ఫోనుపై తల వంచుటను గూర్చి ఇప్పుడు ఎక్కువగా వినుచున్నాము. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ వేసిన లెక్కలో, తలను 60 డిగ్రీలు వంచినచో మెడపై పడు బలము 27 కిలోల బరువుతో సమానము. ఇది కంప్యూటరు నమూనాపై వేసిన లెక్క. రోగులను పరీక్షించి తెలిసికొన్నది కాదు. భారము వేరు, జబ్బు వేరు.

“ఇదంతా నీ మనసులోనే ఉన్నది” అని రోగిని త్రోసిపుచ్చుట మరియొక పొరపాటు. అది ప్రమాదకరము కూడ. చొక్కా గుండీలు పెట్టుకొనుటకు వ్రేళ్ళు తడబడుట, చేతివ్రాత చెడుట, నడకలో తూలుట, మూత్రము అదుపు తప్పుట – ఇవి వెన్నుపాము నలుగుచున్నదనుటకు గుర్తులు. ఆ మనిషి ఎంత దిగులుగా ఉన్నను వెంటనే నిపుణునికి చూపవలెను. ఆలస్యమైనచో శస్త్రచికిత్స చేసినను పోయిన బలము పూర్తిగా తిరిగి రాకపోవచ్చును.

అట్లే, మెడ నొప్పితో వచ్చిన వానిని రెండు ప్రశ్నలు అడుగుట ఏ వైద్యునికిని భారము కాదు: గడచిన రెండు వారములుగా ఏ పని మీదను ఆసక్తి లేకుండ ఉన్నదా? దిగులుగా, నిరాశగా ఉన్నదా? అవునన్నచో మెడతో పాటు మనసుకును చికిత్స జరుగవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, ఏ వేళనైనను తెలుగులోనే మాటలాడవచ్చును.