మందును మోయు నానోతంతువులు: అపోహలు, వాస్తవములు

వ్రణముపై కప్పిన పలుచని పొర తానే మందును కొద్దికొద్దిగా విడిచి, పని ముగిసిన పిదప తానే దేహములో లీనమైపోవునని విన్నంతనే కొందరు దానిని సర్వరోగనివారిణిగా భావించి ఆశపడుచున్నారు. మరికొందరు ‘నానో’ అను మాట చెవిని బడగానే భీతిల్లుచున్నారు. ఈ ఆశయు, ఆ భయమును విషయజ్ఞానము కొరవడుటచేత గలిగినవే.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత యనుట మొదటి పొరపాటు. విద్యుత్తుతో పోగులు తీయు పద్ధతికి ఆంటన్ ఫార్మాల్స్ 1934లోనే అమెరికాలో పేటెంటు పొందెను. కరగించిన పాలిమరులో మందును కలిపి సిరంజిలో నింపి, సూదికి 10 మొదలు 30 వేల వోల్టుల విద్యుత్తును పెట్టుదురు. అంతట సూదిమొనయందు వ్రేలాడు బొట్టు సాగి శంకువుగా మారి, దాని కొననుండి కంటికానని ధార యొకటి వెలువడి, విసరిన కొరడావలె గాలిలో మెలికలు తిరుగుచు, ద్రావణి ఆవిరికాగా, ఎదుటి లోహఫలకముపై తెల్లని పొరయై పేరుకొనును. అందలి పోగు మందము సాధారణముగా కొన్ని వందల నానోమీటర్లు. తలవెండ్రుక దానికి నూరు రెట్లు లావు. ఐనను ఇది నిడుపాటి పోగులల్లుకొనిన చాప గనుక, విడివిడి నానోకణములను గూర్చిన భయములన్నియు దీనికి యథాతథముగా వర్తింపవు.

పోగే క్రిములను చంపునను మాటయు చాలవరకు నిజము కాదు. పోగు వాహనము మాత్రమే. చంపునది అందలి మందు. రొయ్యల పెంకులనుండి తీయు కైటోసాన్‌కు మాత్రము కొంత సూక్ష్మజీవనాశక గుణము స్వతఃసిద్ధముగా కలదు.

దేహములో జీర్ణమగుననగా మరునాడే మాయమగునని అర్థము కాదు. లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లముల సహపాలిమరు దేహద్రవములలోని నీటిచే తెగి, మరల ఆ ఆమ్లములుగానే మారి, తుదకు బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను పరిణమించును. రెండింటి పాళ్లు సమానమైనచో ఇంచుమించు ఒకటి రెండు మాసములు పట్టును. పాలీకాప్రోలాక్టోను రెండేండ్లకు పైగా నిలువగలదు. లోపలనే కరగిపోవు కుట్టుదారములుగా ఈ జాతి పాలిమరులను శస్త్రవైద్యులు 1970వ దశకమునుండి వాడుచునే యున్నారు. జీర్ణమగుటవలని లాభమెట్టిదో తెలియవలెనన్న దంతవైద్యమును చూడుడు: టెట్రాసైక్లిన్ నింపిన పోగును చిగుళ్ల సందులలో నిలుపు చికిత్స 1990వ దశకమున అమెరికాలో ఆమోదము పొందెను, ఆ పోగు నానోతంతువు కాదు, కరగునదియు కాదు, అందుచేత సుమారు 10 దినములకు దానిని తీయించుకొనుటకై రోగి మరల వైద్యునికడకు పోవలసివచ్చెడిది.

ఇక అన్నింటికంటె అపాయకరమైన అపోహ, మందు ఎంత మెల్లగా, ఎంత దీర్ఘకాలము వెలువడిన అంత మేలనునది. సన్నని పోగులకు ఉపరితలము విస్తారము గనుక, అంచులనున్న మందు మొదటి కొన్ని గంటలలోనే ఒక్కుమ్మడిగా వెడలును. క్రిములు బలిసిన గాయమునకు అది కొంత ఉపకారమే. పిమ్మట మందు పరిమాణము క్రిములను చంపదగిన మట్టమునకు దిగువకు జారకుండ నిలిచి, చికిత్స ముగియగానే త్వరగా ఆగిపోవలెను. అట్లు గాక, చాలీచాలని మోతాదు వారములతరబడి ఊరుచుండెనేని, చావక మిగిలిన క్రిములు ఆ మందునకు లొంగనివై వృద్ధిపొందును. తక్కువ మోతాదువలన కలుగు ఈ ముప్పును గూర్చి పెన్సిలిన్ కనుగొనిన ఫ్లెమింగే 1945 నాటి నోబెల్ ఉపన్యాసములో హెచ్చరించియుండెను. కావుననే శాస్త్రజ్ఞులు మందును పోగు నడుమ నుంచి, చుట్టును వేరొక పాలిమరు తొడుగును కల్పించి, విడుదల వేగమును అదుపునందుంచ యత్నించుచున్నారు. ఈ రంగమునందలి అసలు పాండిత్యమంతయు పోగును తీయుటయందు గాక ఈ కాలనియమమునందే యున్నదని నా నిశ్చితాభిప్రాయము.

ఇవి గాయముల పట్టీలకే పరిమితమనుటయు సరికాదు. కాలాజ్వరమునకును, కొన్ని బూజుతెగుళ్లకును వాడు యాంఫోటెరిసిన్-బి మూత్రపిండములకు హాని చేయగల మందు. సూదిమందుగానే ఇచ్చుట వాడుక. హైదరాబాదు ఐఐటీ పరిశోధకులు దానిని జెలటిన్ నానోతంతువులలో పొదిగి, నోటితో మ్రింగదగిన 60 మిల్లీగ్రాముల మాత్రగా రూపొందించినట్లు, నల్లబూజు ప్రబలిన 2021లో ప్రకటించిరి. మందు మెల్లగా విడుదలైనచో మూత్రపిండములపై భారము తగ్గునన్నది వారి ఉద్దేశము.

పాఠకులారా, ‘నానో’ అని ముద్రించిన పట్టీలు కొన్నింట నుండునది వెండి. వెండి దేహములో జీర్ణమగు పదార్థము కాదు. కావున కొనుటకు ముందు అందు ఏ మందున్నదో, ఎన్ని దినములు ఉంచవలెనో చదివి, చీముపట్టిన గాయమైనచో వైద్యునికి చూపిన పిదపనే వాడుడు.