ఇరవై ఎకరాల కొండవాలు ఎన్ని ఆవులను మోస్తుంది?

కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో దాటి తూర్పుకు సాగితే సియెరా నెవాడా పర్వతాల దిగువ కొండలు మొదలవుతాయి. సుమారు 500 నుంచి 3,000 అడుగుల ఎత్తు వరకు గడ్డి వాలులు, వాటి మీద బ్లూ ఓక్ చెట్లు, మధ్యమధ్య రాతి గుట్టలు. ఫాల్సమ్, ఎల్ డొరాడో హిల్స్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇవి ఇంటి పక్క కొండలే. ఇక్కడి భూముల ప్రకటనలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: ‘20 ఎకరాలు. పశువుల పెంపకానికి, విహారానికి, పల్లె ఇంటికి అనుకూలం.’

ఊళ్లో పొలం కొనుక్కుందామంటే ఎన్నారైలకూ ఓసీఐలకూ భారత విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనలు అడ్డు. వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ వారసత్వంగా రావచ్చు తప్ప కొనడానికి వీల్లేదు. మట్టి మీద మమకారం ఉన్నవాళ్ల చూపు ఈ కొండల మీద పడటం సహజం. అయితే ప్రకటనలోని మూడు పనుల్లో ఏది ఆ నేల మీద సాగుతుందో ఎకరాల సంఖ్య చెప్పదు. గడ్డి, నీళ్లు, కంచె, నిప్పు, కాగితాలు చెబుతాయి.

40, 20, 10 ఎకరాల ముక్కలు ఎక్కడివి?

ఎకరం ఎక్కడైనా 4,840 గజాలే. ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. అమెరికా ప్రభుత్వ సర్వేలో చదరపు మైలును ఒక సెక్షన్ అంటారు. అది 640 ఎకరాలు. అందులో పావు భాగం 160 ఎకరాలు, 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఒక్కో కుటుంబానికి ఇచ్చింది అంతే. దాన్ని మళ్లీ నాలుగు చేస్తే 40, ఇంకా కోస్తే 20, 10. ఈ గీతలు వాగునూ వాలునూ చూసి గీసినవి కావు. అందుకే పక్కపక్కనున్న రెండు ఇరవై ఎకరాల ముక్కల్లో ఒకటి మంచి మేత నేల, రెండోది నిటారు రాతి లోయ కావచ్చు.

గడ్డి లెక్క

ఇక్కడ వాన దాదాపుగా నవంబర్ నుంచి ఏప్రిల్ వరకే. మే దాటాక గడ్డి ఎండి బంగారు రంగుకు తిరుగుతుంది. మడేరా కౌంటీలో 1934 నుంచి నడుస్తున్న శాన్ వాకీన్ ప్రయోగ క్షేత్రంలో ఏటేటా గడ్డిని కోసి తూచారు. సగటున ఎకరానికి 2,000 పౌండ్ల పైచిలుకు ఎండు మేత వస్తుంది. కరువు ఏడాదిలో 1,000 దగ్గరికి దిగిపోతుంది, మంచి వానలుంటే 4,000 దాటుతుంది.

పాలుతాగే దూడ ఉన్న ఆవుకు నెలకు సుమారు 1,000 పౌండ్ల ఎండు మేత కావాలి. అంటే ఏడాదికి 12,000. మొత్తం గడ్డి మేపేయకూడదు. మొదటి వానకు వాలు కోసుకుపోకుండా ఎకరానికి 700 పౌండ్లయినా నేల మీదే వదలాలి. మిగిలిన 1,300లో పశువు ఎక్కలేని చోట్లు, తొక్కిపోయేది తీసేస్తే వెయ్యి. ఆ లెక్కన ఒక ఆవుకు 12 ఎకరాలు కావాలి. ఇరవై ఎకరాల మీద రెండో ఆవుకు మేత చాలదు. కరువు ఏడాదిలో వదలాల్సింది పోను మిగిలేది 300 పౌండ్లే, అప్పుడు ఒక్క ఆవుకే 40 ఎకరాలు పడుతుంది.

తరతరాలుగా ఇక్కడ పశువులు పెంచేవాళ్లు ఈ సంగతి ఎరిగే చలికాలం ఈ కొండల్లో మేపి, ఎండాకాలం మందను పైనున్న పర్వతాల పచ్చిక బయళ్లకు తోలేవారు. దిగువ కొండ ఏడాదిలో సగం కాలానికే పచ్చి మేత పెడుతుంది.

నీళ్ల లెక్క

తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు వేయించినవాళ్లకు ఈ నేల వెంటనే అర్థమవుతుంది. కింద పరుపు రాయి, నీళ్లు పగుళ్లలో ఉంటాయి. ఒక చోట పుష్కలంగా పడతాయి, నూరడుగుల అవతల దుమ్ము లేస్తుంది. పక్కవాడి బోరు మీ బోరుకు హామీ కాదు.

ఇక్కడ నీళ్లను నిమిషానికి ఇన్ని గ్యాలన్లని కొలుస్తారు. నిమిషానికి ఒక్క గ్యాలన్ వచ్చే బోరు రోజంతా నడిస్తే 1,440 గ్యాలన్లు, దాదాపు 5,450 లీటర్లు. మంచి ట్యాంకు ఉంటే ఇంటి వాడకానికి, రెండు ఆవులకు ఇది చాలు. ఎండాకాలంలో ఆవు రోజుకు 15 నుంచి 20 గ్యాలన్లు తాగుతుంది. తోట మాట వేరు. ఒక ఎకరం మీద అంగుళం నీరు నిలవాలంటే 27,154 గ్యాలన్లు కావాలి. జూలైలో నిండుగా ఎదిగిన పళ్లతోటకు రోజుకు పావు అంగుళం వేసుకున్నా 6,800 గ్యాలన్లు. ఎకరం తోటకే నిమిషానికి దాదాపు ఐదు గ్యాలన్ల బోరు రాత్రీపగలూ నడవాలి.

బోరు పరీక్ష ఏ నెలలో చేశారో తప్పక అడగాలి. మార్చిలో పడిన నీళ్లు సెప్టెంబర్‌లో ఉంటాయన్న నమ్మకం లేదు. సెప్టిక్ నీరు ఇంకే చోటుకూ బోరుకూ మధ్య కనీసం 100 అడుగుల దూరం ఉండాలి కనుక ఈ రెండింటికీ చోటు కుదిరాకే ఇంటి ప్లాను గీయించాలి.

కంచె లెక్క

చతురస్రంగా ఉన్న 10 ఎకరాల చుట్టుకొలత అర మైలు. 40 ఎకరాలకు సరిగ్గా ఒక మైలు. నేల నాలుగింతలైతే కంచె రెండింతలే అవుతుంది కాబట్టి చిన్న ముక్కకే ఎకరానికి కంచె ఖర్చు ఎక్కువ. ఇరవై ఎకరాలకు 3,734 అడుగులు. అయిదు వరసల ముళ్లతీగకు 1,320 అడుగుల చుట్టలు 15, పన్నెండు అడుగులకొకటి చొప్పున ఇనుప పోస్టులు 311 కావాలి. అదే ఇరవై ఎకరాలు 330 అడుగుల వెడల్పున పట్టీలా సాగితే చుట్టుకొలత 5,940 అడుగులవుతుంది. ధర ఒకటే అయినా కంచె ఖర్చు సగానికి పైగా పెరుగుతుంది.

నిప్పు లెక్క

2018 నవంబర్ 8న ఇవే దిగువ కొండల్లోని ప్యారడైజ్ పట్టణం ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చుకు ఆహుతైంది. 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి. 2021లో కాల్డర్ మంటలు ఎల్ డొరాడో కౌంటీలో గ్రిజ్లీ ఫ్లాట్స్ ఊరిని దాదాపు తుడిచిపెట్టాయి.

అందుకే ఇంటి చుట్టూ 100 అడుగుల మేర మంటకు మేత లేకుండా చూడాలని చట్టం. గడ్డి నాలుగు అంగుళాలు మించకూడదు. 50 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న ఇంటికి ఇది 1.13 ఎకరాలు. దాన్ని ఏటా శుభ్రం చేయాలి. మంట వాలు పైకి ఎగబాకేటప్పుడు వేగం పుంజుకుంటుంది కాబట్టి వ్యూ కోసం గట్టు అంచున కట్టే ఇల్లే అన్నిటికంటే ప్రమాదంలో ఉంటుంది.

ప్రైవేటు కంపెనీలు బీమా ఇవ్వకపోతే ఫెయిర్ ప్లాన్ అనే చివరి దారి ఉంది. అందులో దొంగతనాలూ ఇతరులకు జరిగే నష్టాలూ ఉండవు, వాటికి రెండో పాలసీ తీసుకోవాలి. బీమా ప్రీమియం ఎంతో తేలేదాకా బయానా ఇవ్వకండి.

కాగితాల లెక్క

1965 నాటి విలియమ్సన్ చట్టం కింద పదేళ్ల ఒప్పందం చేసుకుంటే భూమికి సాగు విలువ మీదే పన్ను పడుతుంది. మేత భూములకు మామూలుగా 40 ఎకరాలైనా ఉండాలి, ఇరవై ఎకరాలకు ఈ ఆశ పెట్టుకోవద్దు. ఒప్పందం ఉన్న భూమిని మధ్యలో రద్దు చేయించుకోవాలంటే మార్కెట్ విలువలో 12.5 శాతం కట్టాలి.

అన్నదమ్ములు కలిసి కొని పంచుకుందామనుకుంటే ముందు ఆ భూమి ఉన్న జోన్‌లో కనీస విస్తీర్ణం ఎంతో కౌంటీలో కనుక్కోండి. నలభై ఎకరాల జోన్‌లో నలభై ఎకరాలు ఎప్పటికీ ఒకే ముక్క.

హెచ్‌1బీ వంటి వీసాల మీద ఉన్నవాళ్లకు మరొకటి. గ్రీన్‌కార్డు లేనివారు 10 ఎకరాలకు మించి వ్యవసాయ భూమి కొంటే 1978 చట్టం ప్రకారం 90 రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖకు తెలపాలి. తెలపకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు.

ఇంతకీ ఎన్ని ఎకరాలు?

పల్లె ఇంటికి అయిదు ఎకరాలు చాలు. మిగిలిన డబ్బు నీళ్లున్న చోటికీ, మంటకు తట్టుకునే కట్టుబడికీ పెట్టండి. విహారానికైతే ఇల్లే వద్దు. రిజిస్టరైన దారి హక్కు ఉంటే చాలు, బోరూ సెప్టిక్కూ అవసరం లేదు. పశువులతో బతుకుదామంటే ఇరవై ఎకరాలు రాంచ్ అవదు, అంత నేల మీద అయిదారు ఆవులను వదిలితే రెండేళ్లలో వాలు బోసిపోతుంది.

ఇరవై ఎకరాలు ఇప్పటికే కొన్నవాళ్లకు నా సలహా ఒకటే. పక్కనే మంద నడిపే రాంచర్‌కు వసంతంలో మేత లీజుకు ఇవ్వండి. ఆయన మందకు మేత దొరుకుతుంది, మీ గడ్డి ఎండాకాలానికి ముందే తగ్గుతుంది, మంటకు దొరికే మేత తరుగుతుంది. ముక్కలైపోతున్న ఈ కొండలు మేత భూములుగా నిలబడాలంటే చిన్న కమతాల యజమానులు ఇలా చేతులు కలపక తప్పదు.