నీటి తీరువా బకాయి... నష్టం చెరువుకే

వరంగల్: చెరువు నీటితో వరి పండించిన రైతు తీరువా చెల్లించకపోతే ఆ సొమ్ము ఎవరికి బాకీ పడినట్లు? రెవెన్యూ దస్త్రాల ప్రకారం ప్రభుత్వానికి. వాస్తవంలో నష్టపోయినది ఆ చెరువే. ఉమ్మడి వరంగల్ జిల్లాలో శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ ఆయకట్టు మొదలు ఊరూరా ఉన్న చిన్న చెరువుల వరకు ఇదే లెక్క చాలాకాలం నడిచింది.

సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో చట్టం తెచ్చింది. ఆ ఏడాది జూన్‌లో 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. తీరువాను కూడా అప్పుడే పెంచారు. భారీ, మధ్యతరహా ప్రాజెక్టుల కింద మొదటి వరి పంటకు ఎకరాకు రూ.200, చిన్న చెరువుల కింద రూ.100 చొప్పున నిర్ణయించారు. రెండో పంటకు ఎక్కడైనా రూ.150.

చిన్న చెరువుల కింద వసూలైన సొమ్ములో 90 శాతం సంఘానికి, 10 శాతం గ్రామ పంచాయతీకి దక్కాలన్నది నిబంధన. ఉదాహరణకు 200 ఎకరాల చెరువుకు వానాకాలం తీరువా రూ.20 వేలు. అందులో సంఘం వాటా రూ.18 వేలు. తూము షట్టరు బాగుచేయాలన్నా, కాలువలో తుమ్మ చెట్లు కొట్టించాలన్నా ఆ సొమ్మే ఆధారం. సగం మంది చెల్లించకపోతే మిగిలేది రూ.9 వేలే.

ఎవరు ఎంత చెల్లించాలో తేల్చేది అజ్మాయిషీ. రెవెన్యూ, నీటిపారుదల సిబ్బంది, సంఘం ప్రతినిధులు కలిసి ఆయకట్టు తిరిగి తడిసిన భూమిని నమోదు చేసేవారు. చివరి మడికి నీరందని రైతు ఆ సంగతి రాయించుకోవలసినది ఇక్కడే. ఇక్కడ తప్పితే పారని నీటికీ తీరువా పడేది. జులై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరం లెక్కన డిమాండు తయారై, వసూలు బాధ్యత తహసీల్దారు కార్యాలయానికి చేరేది.

చెల్లించని తీరువాను భూమి శిస్తు బకాయిగానే పరిగణించేవారు. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద నోటీసు ఇచ్చి ఆస్తి జప్తు చేసే అధికారం ఉండేది. అయితే మూడెకరాల రైతు వానాకాలం బాకీ రూ.300. దానికోసం జప్తుకు వెళ్లడం శ్రమకు తగిన పని కాదు. బాకీదారు సంఘం ఎన్నికల్లో పోటీకి అనర్హుడన్న నిబంధనకే పదును ఎక్కువ. పదవి ఆశించేవారు ముందుగా రశీదు తెచ్చుకోక తప్పేది కాదు.

తెలంగాణ ఏర్పడిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం పాత బకాయిలను రద్దుచేసి, తీరువా వసూలునూ నిలిపివేసింది. ఏళ్ల తరబడి పేరుకున్న బాకీ ఒక్కసారిగా తొలగడం రైతుకు ఊరటే. కానీ దానితోపాటు చెరువుకు రావలసిన 90 శాతం వాటా కూడా పోయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద ప్రభుత్వ నిధులతో పూడిక తీశారు, కట్టలు బలపరిచారు. అవి పెద్ద పనులు. ఏటా వానలకు ముందు జరగవలసిన చిన్న మరమ్మతుల సంగతి వేరు. తూము కారుతోందన్నా ఇప్పుడు అంచనా తయారై, పైనుంచి మంజూరు రావలసిందే.