వార్తల్లో పదం: నిత్యావసరాల గిఫ్ట్ కార్డు

బాగా పనిచేసినవారికి షీల్డు, గోడ గడియారం బదులు బియ్యం, పప్పు, నూనె కొనుక్కునే కార్డు ఇస్తే అదే నిత్యావసరాల గిఫ్ట్ కార్డు. ధరలు మండే రోజుల్లో ఇంటికి నేరుగా అక్కరకొచ్చే కానుక ఇది.

బ్యాంకులు, వాలెట్ సంస్థలు జారీచేసే గిఫ్ట్ కార్డుల విలువ రూ.10,000 మించకూడదని రిజర్వు బ్యాంకు 2021 ఆదేశాలు చెబుతున్నాయి. వాటిలో మళ్లీ సొమ్ము నింపడానికీ, నగదు తీసుకోవడానికీ వీల్లేదు. ఒక దుకాణం తన సరుకుల కోసమే ఇచ్చే కార్డు ఈ నిబంధనల కిందికి రాదు. కాబట్టి గడువు, షరతులు ముందే చదవాలి.

చిక్కేమిటంటే, ధరలు పెరిగినా కార్డు మీది అంకె పెరగదు. దాచుకున్నకొద్దీ వచ్చే సరుకు తగ్గుతుంది.

తంగళ్ళపల్లి, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకూ, కోరుట్ల, జగిత్యాల బీడీ కార్మికులకూ చేసిన పనిని బట్టే కూలి. అలాంటిచోట కానుక వేరు, కూలి వేరు. వేతనం సొమ్ముగానే ఇవ్వాలని మన దేశంలో 1936 చట్టమే చెప్పింది. బ్రిటన్ 1831లోనే అనేక పరిశ్రమల్లో సరుకుల రూపంలో కూలి ఇవ్వడాన్ని నిషేధించింది.

కార్డు కూలికి అదనంగా వస్తేనే బహుమతి. కూలిలో కోసి ఇస్తే కాదు.