కొడవలి కనిపించే అక్షరం

ఓల్ చికీ లిపికి వందేళ్లు నిండాయి. అర్థం ఉండేది గీతలోనా, చూసే కంటిలోనా? జంషెడ్‌పూర్‌లో ఇది పండితుల చర్చ మాత్రమే కాదు, పిల్లల చదువు సమస్య కూడా.

సంతాలీ భాషకు ఉన్న ఓల్ చికీ లిపిలో 'ర' ధ్వనికి వాడే అక్షరం పేరు ఇర్. అది పంట కోసే కొడవలి రూపం. 'స'కు వాడే ఇస్ నాగలి. ఉచ్ కొండ శిఖరం. అడ్డంకిని తప్పించుకుని పక్కకు తిరిగే బాట మరో అక్షరం. ఇఞ్ అంటే సంతాలీలో 'నేను'; తనవైపు వేలు చూపుకునే మనిషి ఆ అక్షరం. ఆమ్ అంటే 'నువ్వు'. ఎదుటివారిని చూపే చెయ్యి ఈ అక్షరం. మొత్తం 30 అక్షరాలకూ సంప్రదాయంగా ఇలాంటి వివరణలే చెబుతారు.

ఈ లిపిని 1925లో రూపొందించింది పండిత్ రఘునాథ్ ముర్ము. జంషెడ్‌పూర్‌కు దక్షిణాన సరిహద్దు దాటితే వచ్చే ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆయన జిల్లా. 2022లో రాష్ట్రపతి అయిన ద్రౌపదీ ముర్ముదీ ఆ జిల్లాయే. 2011 జనాభా లెక్కల ప్రకారం సంతాలీ మాట్లాడేవారు 73 లక్షలకు పైనే. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో ఆ భాషకు ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు దక్కింది. 2008లో లిపి యూనికోడ్‌లోకి వచ్చింది.

మరి అక్షరంలో కొడవలి నిజంగా ఉందా? ఈ ప్రశ్న చుట్టూనే తిరిగే శాస్త్రం ఒకటుంది. దాని పేరు కాగ్నిటివ్ సెమియోటిక్స్. గుర్తులకు అర్థం ఎలా పుడుతుందో మనసు, శరీరం, అనుభవం వైపు నుంచి పరిశీలించడం దాని పని. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం ఈ రంగంలో ముఖ్య కేంద్రం. ఈ పరిశోధకులు తరచూ ఆశ్రయించేది అమెరికన్ తత్వవేత్త చార్లెస్ పర్స్ చేసిన విభజనను. ఆయన లెక్కలో గుర్తులు మూడు రకాలు: పోలికతో పనిచేసేవి, వేలు పెట్టి చూపేవి, కేవలం కట్టుబాటుతో నిలిచేవి. ఓల్ చికీలో ఈ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. కొడవలి పోలిక. 'నువ్వు' అని చూపే చెయ్యి సూచి. రోజూ చదివేవారికి రెండూ కట్టుబాటే.

రూపానికీ ధ్వనికీ మధ్య ఏ బంధమూ లేదనడమూ కుదరదు. గుండ్రటి బొమ్మ, మొనలు తేలిన బొమ్మ చూపించి 'బూబా' ఏది, 'కికీ' ఏది అని అడిగితే అత్యధికులు గుండ్రటిదాన్నే బూబా అన్నారని వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ 2001లో రాశారు. కొరియన్ లిపి హంగుల్‌లో మూల హల్లుల ఆకారాలు నాలుక, పెదవులు, గొంతు కదలికలను అనుసరించినవే. కన్ను, నోరు, చెయ్యి కలిసి అర్థాన్ని తయారుచేస్తాయి.

అయితే అలవాటు ఆ బొమ్మను చెరిపేస్తుంది. తెలుగువారికి ఇది సొంత అనుభవమే. తలకట్టు, గుడి, కొమ్ము, సుడి అని గుణింతం నేర్చుకోని తెలుగు పిల్లలు ఉండరు. కానీ పత్రిక చదువుతూ 'కు'లో కొమ్మును చూసేవారెవరు?

జంషెడ్‌పూర్‌లో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ ఊళ్లో సంతాలీ, హో, హిందీ, బెంగాలీ, ఒడియాతో పాటు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడినవారి తెలుగు కూడా వినిపిస్తుంది. సోనారీలో టాటా స్టీల్ గిరిజన సంస్కృతి కేంద్రం ఉంది. శివారులోని కరణ్‌డీహ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన దిగంబర్ హాన్స్‌దా సంతాలీ పాఠ్యపుస్తకాల కోసం కృషి చేసి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. అయినా పిల్లలకు మొదటి పాఠం ఏ లిపిలో అన్న వాదన తెగలేదు. దేవనాగరి అయితే హిందీ తేలికవుతుందనేది ఒక వాదం. మిషనరీల కాలం నుంచి రోమన్‌కు అలవాటుపడినవారూ ఉన్నారు. పదం చివర గొంతులో ఆగిపోయే సంతాలీ ధ్వనులకు దేవనాగరిలో అక్షరాల్లేవని, ఓల్ చికీలో ఉన్నాయని దాని సమర్థకుల జవాబు.

సంతాలీకి చుట్టమైన సవర భాషదీ ఇలాంటి కథే. రెండూ ముండా కుటుంబానివే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, పుస్తకాలు రాసి, 1931లో ఇంగ్లీషులో ఆ భాషా వివరణ గ్రంథం వెలువరించారు. ఆ కృషి తర్వాత కూడా 1936లో మంగేయి గొమాంగో సవరకు సొంత లిపి, సొరంగ్ సొంపెంగ్, తయారుచేశారు. ధ్వనిని పట్టుకోవడానికి అరువు లిపి సరిపోవచ్చు. 'ఇది మాది' అన్న గుర్తింపునూ అదే ఇస్తుందని మాత్రం చెప్పలేం.

సొంత లిపి ఉన్నంత మాత్రాన అర్థం దానంతట అది రాదు. కోతకు వెళ్లిన బాలిక 'ఇర్'లో కొడవలిని గుర్తుపడుతుంది. కొడవలి ఎన్నడూ పట్టని బస్తీ బాలికకు అదే అక్షరం, దేవనాగరి 'ర' లాగే, ఒక వంకర గీత. పక్కన కూర్చుని చూపించేవారు ఉంటేనే ఆమెకూ అందులో కొడవలి కనిపిస్తుంది. కాబట్టి లిపిపై నిర్ణయంతో ప్రభుత్వం పని ముగియదు. ఆ భాష తెలిసిన టీచరు, ఆ పిల్లల ఊరు కనిపించే పుస్తకం కూడా కావాలి. అవి లేకపోతే వందేళ్ల ఓల్ చికీ గోడమీద రాతగా, సభల్లో జెండాగా మిగులుతుంది. చదువుగా మారదు.